ఎడమ చెయ్యి ఖాళీ లేదు

ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు. కళ్లజోడు ఎక్కడ పెట్టానో... నెత్తి మీదే ఉందా, సరేలే, నవ్వకు. నలభై ఏళ్లు ఊళ్లోవాళ్లందరికీ కళ్లజోళ్లు తగిలించినవాణ్ని, నాది మాత్రం నాకు దొరకదు. ఊఁ. పెద్ద కెమెరా, దానికి మూడు లెన్సులు, ఒక సంచి, ఒక స్టాండు. ఈ పక్కన చిన్న కెమెరా, చొక్కా జేబులో పట్టేది. ఏది కొనమంటావు తాతయ్యా అని, అంతే కదా? మీ ఆయన పెద్దదంటాడు, నువ్వు చిన్నదంటావు, వచ్చే నెల రెండేళ్ల పిల్లాణ్ని చంకనేసుకుని పది రోజులు రైళ్లలో తిరుగుతారు. సరే. కెమెరా కొనడానికి నన్ను సలహా అడగడం ఎంత తెలివితక్కువ పనో చెబుతాను, కూర్చో. ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యి. మీ అమ్మ ఎంతసేపట్లో వస్తానంది? అరగంటా. చాలు. అరగంటలో చెప్పలేకపోయానంటే ఇంక ఈ జన్మలో చెప్పలేను.

మీ తాతయ్య, అదే మా బావ, నువ్వు పుట్టడానికి ఏడాది ముందే పోయాడు. నీకు ఆల్బంలోనే తెలుసు. అందులోనూ ఆయన మొహం ఉన్న ఫోటోలు నాలుగో ఐదో, చెయ్యి ఉన్నవి నాలుగొందలు. ఎందుకని నీ చిన్నప్పుడు అడిగేదానివి, గుర్తుందా? ఫోటో తీయడం రాదు కాబట్టి అని మీ అమ్మమ్మ నవ్వేసేది. ఆ చెయ్యి దగ్గరికే వస్తున్నా, తొందరపెట్టకు. బావ అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేర్చేవాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా తిరగబడ్డ అక్షరాలు చదివీ చదివీ, మామూలు పేపరు చదవాలంటే ఆయనకి కాస్త టైము పట్టేది. పెళ్లయిన రెండేళ్లకి కెమెరా కొనుక్కుంటానన్నాడు. ఏది కొనాలి? ఇంట్లో నేనున్నాను కదా. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసేవాణ్ని. అద్దం సంగతి తెలిసినవాడికి కెమెరా సంగతి తెలియకుండా ఉంటుందా అని మా ఇంట్లో అందరి నమ్మకం, అందరికంటే గట్టిగా నమ్మింది నేను. చిన్న కెమెరాలు ఆడుకోడానికి బావా, అసలైన ఫోటో కావాలంటే ఇదీ అని, పైనుంచి కిందికి తొంగిచూసే డబ్బా కెమెరా ఒకటి కొనిపించాను. దానికి రెండు అదనపు అద్దాలు, వెలుగు కొలిచే మీటరు, ఇవన్నీ పట్టే చెక్కపెట్టె, లోపల మఖమలు. స్టాండు వేరే. అందులోంచి చూస్తే బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనపడుతుంది. నాకైతే కళ్లు తిరిగేవి. బావకి అలా తిరగబడి ఉంటేనే లోకం తిన్నగా ఉన్నట్టు ఉండేది. మహా సంతోషించాడు. అచ్చాఫీసులో కాగితాలు తూచే కాటా మీద పెట్టి తూచుకొచ్చాడు కూడా, పెట్టె తొమ్మిది కిలోలు. అదేదో కొడుకు పుట్టినట్టు అందరికీ చెప్పాడు.

ఫోటో అంటే అప్పుడు ఇంత తతంగం. స్టాండు విప్పాలి, మీటరు చూడాలి, అక్కని, అదే మీ అమ్మమ్మని, ఎండకి ఎదురుగా నిలబెట్టాలి, ఊపిరి బిగబట్టమనాలి. అక్క అనేది, "కాపురానికొచ్చి ఆరేళ్లయింది, ఒక్క ఫోటోలోనైనా నవ్వుతూ ఉన్నానా? అన్నిట్లోనూ దొంగతనం ఒప్పుకున్నదానిలా నిలబడి ఉన్నాను." బావ తల కూడా ఎత్తేవాడు కాదు. "గడ్డం కొంచెం పైకి," అనేవాడు. ఇక ప్రయాణమంటే ఒక పద్ధతి. ఆ పెట్టెని పిడి పట్టుకుని ఒక చేత్తో వేలాడదీస్తే లోపల అద్దాలు కదులుతాయని చెప్పిన మహానుభావుణ్ని నేనే. అంచేత రెండు చేతులతోనే ఎత్తాలి, రెండు చేతులతోనే అందుకోవాలి. రైలు ఎక్కేటప్పుడు ముందు అక్క సామాన్లు తీసుకుని లోపలికెళ్లి చోటు చూస్తుంది. తరవాత నేనెక్కి తలుపులో నిలబడతాను. బావ కిందనుంచి పెట్టె అందిస్తాడు. అది పక్కన పెట్టి నేను మళ్లీ చేతులు చాపితే, అప్పుడు పిల్లని ఎత్తి ఇస్తాడు. ఆఖర్న తను ఎక్కుతాడు. పెట్టె అందించేంతసేపూ పిల్ల వాళ్ల నాన్న చొక్కా అంచు పట్టుకుని కదలకుండా నిలబడాలి. అది దాని ఉద్యోగం. దానికి నాలుగేళ్లు. మీ అమ్మే, ఇంకెవరు. ముందు పెట్టె, తరవాత పిల్ల. ఇన్నేళ్ల తరవాత చెబుతుంటే నీకెలా ఉందో నీ మొహంలో కనపడుతోంది. అప్పుడు మాకు అలా ఏమీ అనిపించలేదమ్మడూ. పిల్ల పడినా పగలదు కదా అనుకున్నామో ఏమో.

ఆ రోజు పెద్ద స్టేషను. రైలు ఇరవై నిమిషాలు ఆగుతుంది. మధ్యాహ్నం పన్నెండు. ప్లాట్‌ఫాం మీద పెద్ద గడియారం ఒకటుంది, ఇనప స్తంభానికి రెండు వైపులా మొహాలు. దాని కింద అక్కనీ పిల్లనీ నిలబెట్టి తీయాలని బావకి బుద్ధి పుట్టింది. స్టాండు విప్పాడు. మీటరు చూశాడు. గడియారం అద్దం మీద ఎండ పడి మెరుస్తోంది, పది నిమిషాలాగుదాం అన్నాను నేను. నాకెందుకు? కానీ అన్నాను. గడియారం నెత్తి మీదే పెట్టుకుని టైము చూసుకోలేదు ఒక్కళ్లం కూడా. గార్డు విజిల్ వేశాక అక్క బుట్ట పట్టుకుని ఎక్కేసింది. నేను స్టాండుతో పరిగెత్తి ఎక్కి, దాన్ని లోపలికి విసిరి, తలుపులో నిలబడ్డాను. బావ వచ్చాడు, గుండెలకి పెట్టె, చొక్కా అంచుకి పిల్ల. అంతా పద్ధతి ప్రకారమే. ఆయన పెట్టె ఎత్తాడు, నేను వంగి పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడు రైలు కదిలింది.

పెట్టె ఆ క్షణంలో సగం ఆయన చేతుల్లో, సగం నా చేతుల్లో ఉంది. ఇద్దరం వదల్లేదు. నేను లాగాను. ఆయన నాలుగడుగులు పరిగెత్తి, పెట్టె పడిపోకూడదని మెట్టు మీద కాలు వేశాడు. పెట్టె పైకొచ్చింది, దాని వెనకాలే ఆయనా వచ్చేశాడు. ఆయన కళ్లు పెట్టె మీదే ఉన్నాయి. "పట్టుకున్నావా?" అన్నాడు. "పట్టుకున్నా," అన్నాను. అప్పుడు ఆయన భుజం మీదుగా చూశాను. ప్లాట్‌ఫాం మీద పిల్ల నిలబడి ఉంది. ఆ రోజు బావ వేసుకున్నది గంజిపెట్టిన కొత్త చొక్కా, జారిపోయింది. కానీ పిడికిలి ఇంకా మూసే ఉంది. ఇలా. అంచు ఇంకా చేతిలోనే ఉన్నట్టు. ఏడవడం లేదు. చెయ్యి ముందుకు చాపుకుని, రైలు వెనకాల నడవడం మొదలుపెట్టింది. మధ్యలో నడిచినా బాగుండేది. చివర తెల్లగీత ఉంటుంది చూడు, ఆ గీత మీద. ఇటు పక్కనంతా చక్రాలు.

మంచినీళ్లు అందుకో. వద్దు, నాక్కాదు, నువ్వు తాగు.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. తరవాత బావ దూకాడనీ, నేను గొలుసు లాగాననీ, రైలు ఆగిందనీ మీ అమ్మమ్మ నీకు వందసార్లు చెప్పి ఉంటుంది. "నా తమ్ముడు గొలుసు లాగకపోతే నా సంసారం ఏమయ్యేదో," అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. గార్డు వచ్చి ఎవరు లాగారయ్యా అంటే నేనే అని ఛాతీ విరుచుకుని చెప్పాను కూడా. కానీ ఆ మధ్యలో ఇంకొకటి ఉంది. గొలుసు తలుపు పక్కనే, నా నెత్తికి మూరెడు పైన. నా రెండు చేతుల్లో పెట్టె ఉంది. పెట్టె వదిలేస్తే చాలు, గొలుసు అందుతుంది. నేను వదల్లేదు. దాన్ని ఎక్కడ పెట్టాలా అని కిందికి చూశాను. ఎవరో చేతులు కడుక్కున్నారు, తలుపు దగ్గర నేలంతా తడి. తడిలో పెడితే మఖమలు పాడవుతుందని అనిపించింది. అనిపించిందీ అంటే ఆలోచించానని కాదు, అలా అయిపోయింది. పొడిగా ఎక్కడుందా అని ఇటు చూశాను, అటు చూశాను. నోరైనా తెరిచి బావా, పిల్ల అని అరవచ్చు కదా. అదీ లేదు. నాలుగు సెకన్లు. ఇప్పటికీ గోడ గడియారం ముందు కూచుని లెక్కపెట్టుకుంటూ ఉంటాను, నాలుగే. నువ్వూ లెక్కపెట్టి చూడు ఎంతసేపో. నా మొహం చూసి బావే వెనక్కి తిరిగాడు. తిరగడం, దూకడం ఒకేసారి. పడ్డాడు, దొర్లాడు, మోకాలు చిట్లింది, లేచి కుంటుకుంటూ పరిగెత్తాడు. అప్పుడు, అప్పుడు నేను పెట్టె తీసుకెళ్లి సీటు చివర కూర్చున్న ఒక పెద్దాయన ఒళ్లో పెట్టాను. "నాకెందుకయ్యా, నాకెందుకయ్యా," అంటున్నాడాయన. జాగ్రత్తగానే పెట్టాను. పెట్టి, వచ్చి, గొలుసు లాగాను.

బావ అందుకునేసరికి దానికీ చక్రాలకీ జానెడు కూడా లేదట. చంకనేసుకుంటే అది అందట, "నాన్నా, నీ చొక్కా వెళ్లిపోయింది," అని. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు, నాకే చెప్పాడు, అది కూడా నెల తరవాత, కెమెరాల షాపుకి వెళ్లినప్పుడు. ఆ నెలంతా నాకు నిద్రపట్టలేదు. ఎందుకంటే ఆయన చూశాడు. దూకేముందు నా మొహం చూశాడు, నా కళ్లు నేల మీదున్న సంగతి చూశాడు. అక్క రోజూ నన్ను పొగుడుతూనే ఉంది, ఆయన మోకాలికి మందు రాసుకుంటూ వింటూనే ఉన్నాడు. ఇవాళ చెబుతాడు, ఈ ముద్ద మింగాక చెబుతాడు అని, ఆ ఇంట్లో భోజనం చేసినన్ని రోజులూ ఆయన నోటివైపే చూశాను. చెప్పలేదు. ఒకరోజు, "కెమెరా మార్చాలి, నువ్వు కూడా రా," అన్నాడు. సరే, ఇవాళ తప్పదు అనుకుంటూ వెళ్లాను. పిల్లని కూడా తీసుకొచ్చాడు. షాపు ఆయన అద్దాల బల్ల మీద పదో పన్నెండో కెమెరాలు పరిచాడు. నేనూరుకుంటానా, "ఇందులో లెన్సు చిన్నది బావా, వెలుగు తక్కువుంటే పనికిరాదు, ఇందులో బొమ్మ అంచులు వంగుతాయి," అని మొదలెట్టాను. భయం వేసినప్పుడు నాకు తెలివి ఎక్కువవుతుంది. షాపు ఆయన నాకంటే ఎక్కువ చెబుతున్నాడు. బావ ఇద్దర్నీ విన్నాడు. విని, ఎడమ చెయ్యి పైకెత్తి చూపించాడు. ఆ చేతికి పిల్ల వేలాడుతోంది. "ఈ చెయ్యి ఖాళీ లేదు. మిగిలిన చేత్తో ఏది తీయగలనో అది చూపించండి," అన్నాడు.

షాపు ఆయన బిక్కమొహం వేశాడు. "రీలు ఎక్కించడానికి రెండు చేతులూ కావాలండీ." "అది ఇంట్లో ఎక్కించుకుంటా." ఒక్కొక్కటీ కుడిచేత్తో తీసుకోవడం, బొటనవేలితో మూత జరపడం, రీలు తిప్పడం, చూపుడువేలితో నొక్కడం. ఒకటి మూత రాలేదు. ఇంకొకటి నొక్కేలోపు జారింది, నేను పట్టుకున్నాను. ఆరోదో ఏడోదో కుదిరింది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని పిల్లని ఎత్తుకున్నాడు, దించాడు, వంగి దాని చెప్పు సరిచేశాడు. కెమెరా పడలేదు. "ఇది చాలు," అన్నాడు. ఎంత వెలుగు పడుతుంది, అంచులు వంగుతాయా లేదా, ఏమీ అడగలేదు. షాపు ఆయన అట్టపెట్టె కోసం లోపలికెళ్లాడు. బావ బల్ల మీదున్న కెమెరాల వైపే చూస్తూ, గొంతు పెంచకుండా అన్నాడు, "ఆ రోజు నువ్వు కింద తడి చూశావు కదా." నేను బల్ల మీది కెమెరాలు వరసగా సర్దడం మొదలెట్టాను. "నేనైనా అదే చూసేవాణ్ని," అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, పోయేదాకా ఎత్తలేదు. అక్క నన్ను పొగిడినప్పుడల్లా తలాడించేవాడు. ఆయన తలాడించినప్పుడల్లా నేను ఇంకాస్త పొట్టిగా అయ్యేవాణ్ని. ఇప్పుడు మీ తాతయ్యా లేడు, అక్కా లేదు. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. మొన్న మీ అమ్మ నీ కొడుక్కి చెబుతోంది, ఈ ముత్తాత లేకపోతే అమ్మమ్మే లేదురా అని. వాడు వచ్చి నా చేతికి ముద్దు పెట్టాడు. ఈ చేతికే.

ఆ ఆల్బం ఇలా తియ్యి. చూడు, ప్రతి దాంట్లో ఎడమ పక్కనుంచి చెయ్యి. సముద్రం దగ్గర, చెయ్యి. కొండ మెట్ల మీద, చెయ్యి. అన్నీ వంకరే, సగం మసక. కానీ మీ అమ్మ నవ్వుతోంది చూడు, వెనకాల అక్క కూడా నవ్వుతోంది. ఎండకి ఎదురుగా నిలబడమని ఒక్కళ్లూ అనలేదు కదా మరి. ఇదిగో, ఇది చూడు. మీ అమ్మకి తొమ్మిదేళ్లు. చెయ్యి విడిపించుకుని ముందుకు పరిగెడుతోంది. చెయ్యి మాత్రం అలాగే చాపి ఉంది, వేళ్లు సగం ముడుచుకుని. ఇది తీసినరోజు ఆయన పక్కనే ఉన్నాను నేను. అందుకని నువ్వు మీ ఆయన మాటా వినకు, నా మాటా వినకు. షాపుకి వెళ్లేటప్పుడు పిల్లాణ్ని తీసుకెళ్లు. ఎడమ చేత్తో వాణ్ని పట్టుకుని...

గేటు చప్పుడా? అరగంట అంది కదా. లేదు, నువ్వు లేవకు, ఇక్కడే ఉండు. రా అమ్మా. ఏం లేదు, ఫోటోలు చూస్తున్నాం. కెమెరా కొంటారట, చిన్నదా పెద్దదా అని అడుగుతోంది. ఆ సంచి కింద పెట్టి ఇలా వచ్చి కూర్చో. కాదు, మంచం మీద కాదు, ఇక్కడ, నాకు ఎదురుగా. నీ చిన్నప్పుడు ఆ రైలు తలుపు దగ్గర నేలంతా తడిగా ఉందమ్మా...