గద్ద ఎత్తుకుపోయిన రిపోర్టు

కలకత్తా వాట్‌గంజ్‌లో రెండు గదుల ఇల్లు. సాయంత్రం. పోర్టులో క్రేను నడిపి రిటైరైన జీవానందం భవానీపూర్ ల్యాబు నుంచి అప్పుడే వచ్చాడు. భార్య దయమ్మ మంచం మీద కూర్చుని ఉంది.

“గద్దెత్తుకుపోయిందంటే నమ్మవేటే దయా?”

“కాయితాన్నా?”

“కాయితాన్నే! బస్సు ఖిదిర్‌పూర్ వంతెనెక్కింది. కిటికీ పక్కన కూకుని రిపోర్టు అలా తీసినానో లేదో, రివ్వుమని వొచ్చి తన్నుకుపోయింది. కండక్టరు టిక్కెట్ల కట్టెట్టి కొట్టినాడు. అయినా ఒదల్లేదు.”

“చేపముక్కయితే సరే. రక్తం రిపోర్టు గద్దకేటికయ్యా?”

“ఎవుడి రక్తమనుకున్నావు? సూది గుచ్చిన పిల్ల చెప్పింది, నా రక్తం పడీసరికి మిషను రెండుసార్లు దగ్గిందట.”

“సరే. ఎత్తుకుపోకముందు చదివినావా?”

“చదివినాను. తక్కువే. ఆ టెస్టోస్టెరానంట, మగాళ్ళ హార్మోను, అడుగంటిపోయిందట. అరవయ్యెనిమిదేళ్ళకి మరేటుంటాది? మొదటిసారీ అదే గదా వొచ్చింది.”

“మొదటిసారి డాక్టరేటన్నాడు?”

“గుర్తులేదు.”

“నాకు గుర్తుంది. మధ్యాన్నం భోంచేసెల్లి రక్తమిచ్చినావు. అందుకే తగ్గి కనపడొచ్చు, పొద్దున్నే పరగడుపున మళ్ళీ ఇమ్మన్నాడు. మొన్న ఏడింటికి నేనే లేపి పంపినాను.”

“పంపినావు. ఎల్లినాను. తక్కువే.”

“ఫోనుక్కూడా పంపించినారయ్యా రిపోర్టు.”

“ఫోనుకా?”

“మందుల షాపు దాదా చేత చదివించినాను.”

“ఓలమ్మా! ఆయనకా చూపించినావు! ఇంక ఈ సందులో తలెత్తుకు తిరగలేను గదే!”

“తలెత్తుకునే తిరుగు. అయిదువందల పన్నెండట. మూడొందలు దాటితే బాగున్నట్టేనట. దాదూకి, అంటే తాతకి, ఏ మందూ అక్కర్లేదన్నాడు.”

“అయిదొందల పన్నెండే! అయితే హౌరా బ్రిడ్జిని ఒంటిచేత్తో...”

“నవ్వించకు.”

“నువ్వు నవ్వలేదు గదా.”

“మొదటి రిపోర్టు తక్కువని వొచ్చిన్నాడు వంటింట్లోకెల్లి ఏడ్చినాను, తెలుసా? సంతోషంతో. లోపం ఆయన రక్తంలో ఉంది, నాలో కాదనుకుని.”

“దయా...”

“రొమ్ము తీసేసి మూడేళ్ళు. ఆ మూడేళ్ళూ గోడవేపు తిరిగి తొంగున్నావు. నిద్దట్లో నా చెయ్యి తగిల్తే లేచి మంచినీళ్ళకెల్తావు. చీర మార్చుకోవాలంటే నా ఇంట్లో నేను లైటార్పుకుంటున్నాను. నన్ను చూస్తే రోతా?”

“ఏటా మాట! రోతేటి! అసలా గద్ద...”

“ఇంకోసారి గద్దంటే లేచెల్లిపోతాను.”

“మొక్కుకున్నాను.”

“ఏటి?”

“నిన్ను ఆపరేషను గదిలోకి తోసుకుపోయినారు. తలుపేసినారు. అక్కడే మెట్ల మీద మోకాళ్ళేసినాను. ప్రభువా, దీన్ని నా కళ్ళముందు ఉంచు, ఇంక జన్మలో దీని మీద చెయ్యి వెయ్యనన్నాను.”

“అదేం మొక్కయ్యా! చుట్ట మానేస్తాననొచ్చు గదా!”

“చుట్ట అప్పటికే మానీసినాను. తాగుడు బాప్తిస్మం నాడే మానీసినాను. ఇయ్యడానికి నా దగ్గర ఇంకేటుందే? మొక్కంటే అన్నిటికన్నా ఇష్టమైంది ఇయ్యాల గదా.”

“నాతో ఒక్క ముక్క చెప్పకపోయావేటి?”

“చెప్తే పాస్టరుగారి దగ్గరికెల్లి ఆ మొక్కు రద్దు చేయించీస్తావు. నీ చెయ్యి తగిల్తే మాట తప్పుతానేమోనని మంచినీళ్ళకి లేచీవోణ్ణి. ఒక్కో రాత్రి ఎన్ని గ్లాసులో! రక్తంలో ఆ హార్మోను తక్కువంటే నీ మనసు నిమ్మళిస్తాదనుకున్నాను.”

“మూడేళ్ళయ్యా.”

“ఏడవకే. నువ్వు బతికినావు. ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నాడు, నా మాట నేను. ఇంక చాలు. అవునుగానీ, ఈ పరీక్ష చేయించుకోమని నెల్లాళ్ళనించీ ఎందుకలా ఎంటబడ్డావు? ఈ వయసులో మనకెందుకే అదంతా?”

“లోపం ఎవరిదో తెలుసుకుని పోదామని.”

“ఎక్కడికి?”

“నెల్లాళ్ళ కిందట నాక్కూడా పరీక్షలు చేసినారు. నీకు చెప్పలేదు. ఆ కేన్సరు ఊపిరితిత్తుల్దాకా పాకిందట, ఇంక కొయ్యడానికి లేదట. నీ మొక్కు తీరిపోయిందయ్యా. ఇలా వొచ్చి చెయ్యి వెయ్యి.”