మూడోసారి గోళీ దిగేదాకా

1991 ఆగస్టు 5వ తేదీన శ్రీ ఓబుళప్ప గారు మా సంస్థ ధర్మవరం గిడ్డంగిలో, నూనె పీపాల తనిఖీలో సహాయకులుగా ఉద్యోగ జీవితాన్ని ప్రారంభించారు. రొద్దం మండలంలోని వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన వారు, పదమూడేళ్ళ అనంతరం హిందూపురం ప్రయోగశాలకు బదిలీ అయి, పెనుకొండ నుంచి ఏడున్నర బస్సులో వస్తూ ఏనాడూ ఆలస్యం చేయలేదు. బస్సే ఆలస్యమైన రోజులను వారు ఆ లెక్కలో చేర్చనివ్వరు.

2011లో, శీతల యంత్రాల కంప్రెసర్లలో వాడే నూనె చిక్కదనాన్ని అధిక పీడనంలో కొలిచే పరికరం వచ్చినప్పుడు ఆ బాధ్యత వారి భుజాన పడింది. ఉక్కు గొట్టంలో నూనెను, శీతలీకరణ వాయువును కలిపి, పీడనం పెంచి, లోపలి గోళీ ఎంతసేపటికి కిందికి దిగుతుందో చూడటమే ఆ పని. మూడుసార్లు గోళీ వేసి, మూడు కొలతలూ ఒక్కమాట మీద ఉంటే తప్ప వారు సంతకం చేసేవారు కారు. ఇంట్లో దోసె మీద నూనె వేసేటప్పుడు కూడా గరిటె వంకా గడియారం వంకా చూస్తారని వారి సతీమణి వెంకటసుబ్బమ్మ గారి ఫిర్యాదు.

2019లో, నేను చేరిన నెలలోనే చేసిన పొరపాటును ఇక్కడ చెప్పక తప్పదు. బయట లారీ సిద్ధంగా ఉంది, మేనేజరు గారు రెండుసార్లు కబురు పంపారు. వాయువు నూనెలో పూర్తిగా కలవకముందే ఒక్కసారి గోళీ వేసి, చిక్కదనం సరిపోయిందని రాసేశాను. ఓబుళప్ప గారు కాగితం చూసి, లారీని ఆపించి, నన్నే మళ్ళీ కొలవమన్నారు.

"గోళీకి లేని తొందర నీకెందుకమ్మా? ఈ కాగితం నమ్మి యాడనో ఒకరు మిషన్ ఆన్ చేస్తారు" అన్నారు.

రెండు గంటల తర్వాత మూడు కొలతలూ ఒకటే చెప్పాయి, నూనె పలచన అని. అది వెళ్ళి ఉంటే ఎన్ని కంప్రెసర్లు అరిగి పట్టేసేవో. ఆనాడు పట్టిన చెమట నాకింకా ఆరలేదు.

ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు, సోమవారం నుంచి ఆ సంతకం నాది. నిజం చెప్పాలంటే నాకు భయంగా ఉంది. మొన్న తాళాలు అప్పగిస్తున్నప్పుడు ఆ మాటే చెప్పి, అనుమానం వస్తే ఫోన్ చేయవచ్చా అని అడిగాను. వారు తాళాలు నా చేతిలో పెట్టి అన్నారు:

"పదైదేండ్లుగా నేనూ భయపడతానే సంతకం పెడతాండా, పద్మమ్మా. అనుమానం వస్తే నాకు ఫోన్ చెయ్యద్దు, గోళీ మళ్ళా వెయ్యి."

ఇన్నేళ్ళూ నేను దాన్ని ధైర్యం అనుకున్నాను.

ఓబుళప్ప గారూ, ఆ భయాన్ని ఇక నాకు వదిలేయండి. గడియారం చూడకుండా దోసెలు తింటూ, వెంకటసుబ్బమ్మ గారితో కలిసి ఆయురారోగ్యాలతో, నిండు నూరేళ్ళు నిశ్చింతగా జీవించాలని మా అందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను. సోమవారం లారీ ఎంతసేపైనా ఆగుతుంది.

— పద్మ, ప్రయోగశాల విభాగం, హిందూపురం