గోడలో దొరికిన ఇటలీ తుపాకి

హలో… ఆ, నేనే, హయాత్ బాషాని. ముసఫ్ఫా గ్యారేజీ నుంచే.

…

రాజేశ్వరా? సత్వా నుంచేనా? గట్టిగా మాట్లాడప్పా, ఈడ కంప్రెసర్ నడస్తాంది…

ఆ, పోయినా. ఠాణాకి పొద్దున పోయినోణ్ణి ఇప్పుడే వచ్చినా. ఇంకా చేతులు గూడా కడుక్కోలా.

…

చూసినా, చూసినా. బాగుండాడు నీ తమ్ముడు పోచన్న. కొట్టలేదంట. ఐదు దినాలుగా అదే చొక్కా, అంతే.

…

నన్నెందుకు పిలిచినారంటే… ఈ అరబ్బు పోలీసుల జీపులు మా గ్యారేజీకే గదా బాగు చేయించను వస్తాయి. నేను ఫౌజులో ఇరవై ఏండ్లు తుపాకులు బాగు చేసినోణ్ణని ఆ ఆఫీసరుకు తెలుసు. ఇదేం తుపాకో చెప్పు, రాసి సంతకం పెట్టు అన్నాడు.

…

లేదప్పా, వాళ్ళు అనుకునేది వేరే. పోచన్న పడవలోళ్ళ దగ్గర దొంగ తుపాకి తీసుకున్నాడని. మంచం కింద దొరికింది గదా.

…

నాకు తెలుసులే. వాడు అదే చెప్పినాడు నాకు గూడా. పాత ఇల్లు పడగొడతా ఉంటే గోడలో కనపడిందంట. ఫోర్మన్ అప్పటికే పోయినాడు, కంపెనీ బస్సు హారన్ కొడతాంది. తెల్లారి ఇద్దాంలే అని క్యాంపుకు తెచ్చినాడు. ఎవరో చూసి పోలీసులకు చెప్పినారు. నమ్మేదెవరు?

…

చెప్తాండా, ఆగు.

బల్ల మీద పెట్టినారు. పొడుగ్గా, తుప్పు పట్టి. ఆఫీసరు ఇంగ్లీషోళ్ళ త్రీనాట్‌త్రీ అన్నాడు. కాదు సాబ్ అన్నా. గొట్టం సన్నం. ట్రిగ్గరు ముందర గుండ్ల పెట్టె ఉంటాది చూడు, దాని అడుగున బొక్క ఉండాది. గుండ్లు అయిపోతే వాటిని పట్టి ఉంచే క్లిప్పు ఖాళీగా ఆ బొక్కలోంచి కింద పడతాది. త్రీనాట్‌త్రీకి అట్లుండదు. ఇది ఇటలీ వాళ్ళది.

…

సికింద్రాబాదులో నేర్చుకునేటప్పుడు చూసినా. పెద్ద యుద్ధంలో ఆఫ్రికాలో ఇటలీ వాళ్ళ మీద గెలిచినప్పుడు మనోళ్ళు పట్టుకొచ్చినవి, మాకు పాఠానికి పెట్టినారు. ముప్పై ఏండ్లాయె. చెయ్యి మాత్రం మర్చిపోలా.

కిరాసిన్ గుడ్డతో తుడిస్తే కిరీటం బొమ్మ బయటపడింది. టెర్ని అని అక్షరాలు. దాని కింద పందొమ్మిది వందల పదిహేడు. మా నాయన పుట్టిన కాలంది.

…

ఆ, పనిచేస్తాదా అని అడిగినాడు. అదొక్కటి అడగకుంటే బాగుండు అనుకున్నా, పనిచేస్తాదంటే కేసు పెద్దదవుతాది.

…

బోల్టు లాగినా. కిర్రుమని… వచ్చింది, రాజేశ్వరా. లోపల గుండును కొట్టే పిన్ను గూడా బాగుండాది. పోచన్న తలుపు కాడ నిలబడి నన్నే చూస్తాండాడు.

…

లేదు. అబద్ధం చెప్పలా. బాగు చేస్తే పనిచేస్తాది సాబ్ అన్నా.

…

తిట్టు. తిట్టులే. కానీ పూర్తిగా ఇను. వాళ్ళు ఇంకొకణ్ణి పిలిచి చూపిస్తే? నా మాట అబద్ధమైతే వాడి మాట గూడా అబద్ధమే అయ్యేది.

గొట్టంలోకి కమ్మీ పెట్టి తోసినా. సగం కాడ ఆగిపోయింది. బయటికి గీకితే సున్నం. గోడకు మెత్తేది, సముద్రం గవ్వల ముక్కలు కలిపింది. రాయి మాదిరి గట్టిపడింది. తుపాకి కట్టె సందుల్లో గూడా అదే. సాబ్, నిన్నమొన్న పడవలో వచ్చిన తుపాకిలో ఈ గవ్వలెట్లొచ్చె? అని అడిగినా. ఆ పడిపోయిన గోడ ముక్క ఒకటి తెప్పించండి అన్నా.

…

తెప్పించినాడు. గోడ ముక్కతో పాటు ఇంటి యజమానిని గూడా. ముసలాయన. కళ్ళు సరిగా కనపడవు. కట్టె మీద చేత్తో తడిమినాడు… ఒకచోట ఆగినాడు. మూడు గాట్లుండాయి ఆడ. వాళ్ళ అన్న పెట్టినవంట. అన్న సచ్చిపోయినాక వాళ్ళ నాయన గోడలో పెట్టి సున్నం పూసేసినాడంట. ముసలాయన ఏడ్చినాడప్పా. పోచన్న చెయ్యి పట్టుకున్నాడు.

…

ఆ. కేసు లేదు. ఖలాస్. కాగితం మీద ముద్ర గూడా కొట్టినారు.

…

వద్దు, నాకు దండాలు పెట్టద్దు… రాజేశ్వరా, నా మాట… నన్ను చెప్పనీ.

వాణ్ణి వదిలిపెట్టలా.

…

కేసు కాదు. కంపెనీ. మొన్ననే వీసా క్యాన్సిల్ చేసినారు. పోలీసు గొడవలో ఉన్నోడు మాకొద్దని. ఠాణా నుంచి నేరుగా ఎయిర్‌పోర్టుకే.

…

అడిగినా. దోవలో కంపెనీకి పోయి వాళ్ళ ముదీర్‌కి, అదే మేనేజరుకి, ఆ కాగితం చూపించినా. చదివినాడు, మడిచి నాకే ఇచ్చినాడు. కొత్త మనిషి నిన్ననే వచ్చేసినాడంట, ఆ మంచంలో పడుకుంటాండాడంట.

…

ముసలాయన గూడా ఠాణా నుంచే కంపెనీకి ఫోన్ చేసినాడు, ఇనలా. వాడికి వీసా ఇచ్చిన కఫీల్ నేను గాదు, నా చేతిలో లేదు అని నాతో చెప్పి బాధపడినాడు. ఆ తుపాకి పోలీసులు తనకిచ్చేస్తే వారంలో నాకు పంపిస్తాడంట, శుభ్రం చేసి నూనె పెట్టమని.

…

చేస్తా. చెయ్యనని ఎట్లంటా.

…

…

రాసుకో, రాజేశ్వరా.

…

రేపు పొద్దున పదిగంటల బొంబాయి విమానం. ఎనిమిదికల్లా ఎయిర్‌పోర్టు తలుపు కాడ ఉండు. పోలీసాయన మంచోడే, రెండు నిమిషాలు మాట్లాడనిస్తానన్నాడు. వాడికో చొక్కా తీసుకురా.

…

సెలవు అడగద్దు. అడిగితే ఇయ్యరు. వచ్చెయ్, అంతే.

…

మీ అమ్మకా? జాబు రాసినా అది వాడి వెనకాల పోతాది. వాడే చెప్పుకుంటాడులే.

…

ఏమన్నాడంటే… నేను వచ్చేటప్పుడు వాడు ఒకటే అడిగినాడు. "భాయ్, దాన్ని ఆడనే మట్టిలో పూడ్చిపెట్టి ఉంటే సరిపోయేదా?" అని.

…

వాడి భుజం తట్టి వచ్చేసినా. సరిపోయేదే గదా.

…

ఏడవాకప్పా. నీ గొంతు ఇట్లుంటే వాడు ఇంకా… ఆ. ఆ, సరే. రొట్టెలు గూడా తీసుకురా, మెత్తగా ఉండేవి. పన్ను నొప్పి అన్నాడు.

…

నేనూ వస్తా. వస్తాలే. పెడతాండా.