తిరగేసి తిరిగిన ఫ్యాను

హలో, అందరికీ వినిపిస్తోందా? బాగున్నారా? చిన్న ముచ్చటే, వినండి. మామగారి పాత కారుకు అల్లుడు తన చేతులతోనే ఇంజను చల్లబరిచే కరెంటు ఫ్యాను బిగించాడు. మొన్న భార్య నడిపితే దారిలోనే ఇంజను ఉడికి ఆగిపోయింది. ఇవాళ షెడ్డులో ఫ్యాను వేసి, రేడియేటరు ముందు కాగితం పెట్టి చూశాడు. ఫ్యాను గాలిని లోపలికి లాగితే కాగితం అతుక్కోవాలి. అది ఎగిరి, అప్పుడే వచ్చిన భార్య కాళ్ల దగ్గర పడింది.

"ఏంటండీ ఇది?"

"ఏం లేదులే. నువ్వు లోపలికెళ్లు."

"ఏం లేకపోతే ఆ మొహమేంటి, అలా మాడిపోయింది?"

"వైర్లు అటుది ఇటు, ఇటుది అటు కలిపేశాను. ఫ్యాను తిరగేసి తిరుగుతోంది. ఎదురొచ్చే గాలిని బయటికే తోసేస్తోంది."

"అంటే ఇంజను ఉడికింది నా వల్ల కాదన్నమాట."

"కాదు. నా పనితనం వల్లే."

"మరి మా అన్నయ్యల ముందు ఏమన్నారు? 'మీ నాన్న కారు మీ చెల్లెలి చేతిలో పడి నాశనమైంది' అనలేదూ? ఆ రోజు నుంచి నేను స్టీరింగు ముట్టుకుంటే ఒట్టు."

"తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదే. తప్పయిపోయింది."

"నలుగురిలో తిట్టి, షెడ్డులో క్షమాపణా? బాగుందండీ బేరం!"

అతను గ్రీజు చేతులు చొక్కాకే తుడుచుకుని ఫోను తీశాడు.

"బావగారూ, స్పీకరులో పెట్టండి. అందరూ వినాలి. కారు చెడగొట్టింది మీ చెల్లెలు కాదు, నేను. అనవసరంగా దాన్ని అన్నాను."

ఫోను పెట్టేశాక కూడా అతను తలెత్తలేకపోయాడు.

"సరే, ఇక ఆ వైర్లు మార్చి తాళాలిలా ఇవ్వండి," అంది ఆమె.

ఇంట్లోవాళ్లను నలుగురి ముందు అనేసే చుట్టం మీకూ ఒకరుంటారు కదా. ఈ కథ వాళ్లకి పంపించండి, పుణ్యముంటుంది.