కడిగేది వీరమ్మ

ఇంకా గోడకు ఆనుకొనే నిలబడ్డవా వీరమ్మా? పదకొండేండ్ల సంది గీ నాంపల్లి చర్చిల గిన్నెలు తోముతున్నవ్. ఇయ్యాల నిన్ను ఉంచాల్నా తీసెయ్యాల్నా అని లోపల కమిటీ కూసున్నది. సెక్రటరీ ఆనంద్ పాల్ ఏ నిమిషంలనైనా పిలుస్తడు. ఏడువు. నన్ను, గీ జిప్పోరను తిట్టు. గట్ల చూడకు!

పగిలింది మామూలు గిన్నె అనుకున్నవా? ఆదివారం వచ్చే ముసలోళ్లకు మేక కాళ్ల పాయా మెత్తగ ఉడకాలని, మన సంఘం డెన్నిస్ వాళ్ల అమ్మ పేరు మీద అబిడ్స్‌ల మెల్లగ వండే కరెంటు స్లో కుక్కర్ కొనిచ్చిండు. లోపలి గిన్నె పింగాణిది. మన డేక్షా కాదు, ఎట్లవడితే అట్ల రుద్దనీకి.

ఎన్నిసార్లు చెప్పిన? కాగితం రాసి గోడకు అంటిచ్చిన. నేను చదివింది ఏడో తరగతే, అయినా ఒక్క తప్పు లేకుండ రాసిన. నీకు చదువు రాదని నేనే చదివి వినిపిచ్చిన. ముందు ప్లగ్గు తియ్యాలె. గిన్నె చల్లారేదాక నీళ్లు తాకియ్యొద్దు. తర్వాత గోరువెచ్చటి నీళ్లల్ల నానబెట్టాలె. మెత్తటి స్పాంజితోని కడగాలె. మరక పోకుంటె తినేసోడా తడిపి పూసి జరసేపు వదలాలె. కరెంటు డబ్బాను ముంచొద్దు, గుడ్డతోని తుడవాలె. అన్నిటికీ ఔ అక్కా, ఔ అక్కా అన్నవ్.

మొదటి నెల ఇనుప పీచుతోని గీకినవా లేదా? ఆ దినం నిన్ను ఎంత తిట్టిన! మల్ల ఎన్నడన్న గీకినవా? లేదు. గదే నాకు మంట. నువ్వు నేర్చుకున్నవ్.

మరి మొన్న ఆదివారం ఏమైంది? చెప్పు. చెప్పవు. అన్నీ నేనే చెప్పాలె!

మొదటి ఆరాధన అయినంక పాయా పోసినం. రెండో ఆరాధనకు గంట కొట్టిన్రు. ప్రార్థన మొదలయ్యే వరకు నా వంటింట్ల ఎంగిలి గిన్నె ఉండొద్దు. ముప్పై ఏండ్ల సంది అది నా పద్ధతి. గప్పుడే కమిటీల ఉండే ఆ మాబెల్ తలుపు కాడ ముక్కు పట్టుకొని నిలబడ్డది. "ఇది మీ వంటిల్లేనా ఆంటీ? గౌలిగూడ బస్టాండు హోటల్ అనుకున్న" అన్నది. ఎంత నవ్విందని!

గిన్నె అడుగంటి ఉన్నది, సెగ కక్కుతున్నది. మా అమ్మ అల్యూమినియం డేక్షా మాడితే వేడి మీదనే చల్లనీళ్లు కొట్టేది. సుయ్యిమని మాడంత లేచేది. చెయ్యి దానంతటదే పోయింది అనను, అది సాకు. నల్లా నేనే తిప్పిన.

టప్పుమన్నది. అంచు నుంచి అడుగుదాక. నువ్వు ఎంగిలి గ్లాసులు పట్టుకొని గుమ్మంల ఉన్నవ్. అంతా చూసినవ్.

డెన్నిస్ ఉరికొచ్చి, "ఎవరు కడిగిన్రు గిది?" అన్నడు. నేనేమన్న? "గిన్నెలు కడిగేది వీరమ్మ" అన్న. కడిగింది అనలేదు, కడిగేది అన్న. తేడా ఏందంటవా? నాకు తెలుసు తేడా. యాభై ఎనిమిదేండ్లల్ల ఒక్క అబద్ధం ఆడలేదని సండే స్కూలు పిల్లల ముంగట చెప్పుకునేదాన్ని. గా ఒక్క అక్షరం ఎన్క దాక్కున్న.

నువ్వన్న నోరు తెరవొద్దా? "జిప్పోరక్కనే నీళ్లు పోసింది" అంటే నీతోని కొట్లాడేదాన్ని, నిన్ను నానా మాటలనేదాన్ని, ఆడికి అయిపోయేది. నువ్వేం చేసినవ్? గ్లాసులు కింద పెట్టి, పగిలిన గిన్నెను గుడ్డల చుట్టి, నా చెయ్యి తెగొద్దని పక్కకు పెట్టినవ్. ఐదు దినాల సంది నాకు ముద్ద దిగుతలేదు. ఇంత మంచితనం ఎవరు అడిగిన్రు నిన్ను?

అగో, పిలుస్తున్నరు. నువ్వు కొంగు సర్దుకునుడు ఆపు, గీడనే కూసో. లోపలికి పోయేది నేను. నల్లా తిప్పింది జిప్పోర, నింద వేసింది జిప్పోర అని నిలబడి చెప్త. మాబెల్ ఉంటది లోపల. వినని.

నిన్ను మాఫ్ చెయ్యమని మాత్రం అడగను. అడిగితే, పోనీ తియ్యి అక్కా అంటవ్. గా మాట నాతోని అనకు వీరమ్మా. అన్నవంటే నీ మొఖం ఎన్నడు చూడను.