గడియారాల బావ, రెండు టర్న్‌టేబుళ్ళు

ఏదీ, ఆ ఫోను ఇలా పట్టు. కాస్త వెనక్కి... ఆ, ఇప్పుడు కనిపిస్తోంది. రెండూ నల్లగానే ఉన్నాయి కదే, తేడా ఏముందని తల బద్దలు కొట్టుకుంటున్నావు? ఒకటి బెల్టుతో తిరిగేది, ఒకటి మోటారే నేరుగా తిప్పేది, అంతేనా? ఏం, తాతకి తెలీదనుకున్నావా! కూర్చో, కూర్చో. ఎవడో నక్షత్రాలిచ్చాడని కొనేస్తారేంటే రికార్డులు వేసుకునే టర్న్‌టేబుల్? మా బావ ఉంటే నీ చెవి మెలేసేవాడు. బావంటే మా అక్క మొగుడు. గడియారాలు బాగుచేసేవాడు, మెట్లకింద ఇంత కొట్టు, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేవి. నువ్వు పుట్టకముందే పోయాడులే. మనిషి ఎలాంటివాడంటే, కాఫీ గ్లాసు బల్లమీద పెడితే కూడా ముందు బల్ల సమంగా ఉందో లేదో చూసేవాడు. అక్క నెత్తీనోరూ కొట్టుకునేది, "ఈయనతో కాపురం చేసే బదులు ఆ గోడ గడియారంతో చేసినా సరిపోయేది" అని.

అక్క పాడేది. పెద్ద పాటకత్తె ఏం కాదు, ఇంట్లో పనిచేసుకుంటూ పాడుకునేది, అంతే. కొత్తగా పెళ్ళయినప్పుడు ఇద్దరూ ఎగ్జిబిషన్‌కి వెళ్ళారు. అక్కడ ఒక అద్దాల గది పెట్టారట, మనిషి లోపలికెళ్ళి పాడితే అక్కడికక్కడే ఆ గొంతుని రికార్డు మీద చెక్కి చేతిలో పెట్టేవాళ్ళు. మా అక్క వెళ్ళి లాలిపాట పాడింది. పట్టుమని రెండు నిమిషాలు లేదు. ఆ తర్వాత పదకొండేళ్ళకి జబ్బుచేసి పోయింది, పాపం. గొంతు అంటూ మిగిలింది ఆ ఒక్క రికార్డే. అదేమో మెత్తటిది, వేసినప్పుడల్లా కొంత గీసుకుపోతుంది. ఇంట్లో ఉన్న పాత పెట్టె ప్లేయరు ముల్లు చూస్తే మేకులా ఉండేది. దానికి తోడు నేనొకణ్ణి! పాట మధ్యలో గెంతుతోందని ఓ ఆదివారం ముల్లు మీద బరువుకని పైసా బిళ్ళ పెట్టి అంటించా. అప్పుడు అందరూ చేసేదే, నవ్వకు. బావ చూశాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చి, "ఒరేయ్, అది మీ అక్క గొంతు మీద పెట్టావురా" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

అదొక్కటే అయితే బాగుండు. అదే ఏడాది బావకి వినికిడి తగ్గడం మొదలైంది. డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు, ఈ చెవుడు ఇక పెరగడమే తప్ప తగ్గేది కాదు, వినపడేది మహా అయితే రెండు మూడేళ్ళు అని. అటు రికార్డు అరిగిపోతోంది, ఇటు చెవులు అరిగిపోతున్నాయి. అప్పుడు పట్టుబట్టాడు, ఊళ్ళో దొరికేవాటన్నిటికన్నా మంచి టర్న్‌టేబుల్ కొంటానని. "నీ చెవులు తీసుకుని రారా బావమరిదీ, నావి నమ్మడానికి లేదు" అని నన్ను బయల్దేరదీశాడు.

ఆ షాపు! అబ్బబ్బ, ఏం చెప్పమంటావు! మెత్తటి సోఫాలు, గోడలకి గుడ్డ, మధ్యలో రాతి బండ మీద రెండు మిషన్లు పెళ్ళికూతుళ్ళలా. షాపాయన కోటు వేసుకుని, "సార్, ముందు సంగీతం ఆస్వాదించండి" అన్నాడు. బావ వింటేగా! జేబులోంచి వాచీ తీశాడు. రికార్డు తిరిగే పళ్ళెం అంచున కాగితం ముక్క అంటించి తిరుగుళ్ళు లెక్కపెట్టాడు. వంద తిరిగేసరికి సరిగ్గా మూడు నిమిషాలు అవ్వాలట. ఒకదానికి మూడు నిమిషాలే పట్టింది, ఒకటి అరక్షణం ముందుంది. కోటాయన మొహం చూడాలి! "సార్, అరక్షణం ఎవరికి తెలుస్తుంది?" అంటే, "నాకు తెలిసింది కదండీ" అన్నాడు బావ. కోటాయన చచ్చినట్టు సరిచేశాడు. తర్వాత చిన్న త్రాసు తీసి ముల్లు బరువు తూచాడు. మొదటిది ఎంతుందో రెండోది అందులో సగం. ఆ తర్వాత, "పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఉంటుంది చూడండి, మిషను రొద అక్కడే తెలుస్తుంది, అది వినిపించండి" అన్నాడు. కోటాయనకి పిచ్చెక్కింది. నాకేమో నవ్వు ఆగట్లేదు.

అప్పుడు సంచిలోంచి అక్క రికార్డు తీశాడు. నా నవ్వు ఎటుపోయిందో పోయింది. "ఒక్కో దాని మీద ఒక్కసారి. అంతే" అన్నాడు.

మొదటి దాని మీద వేశారు. ఓయమ్మో! అక్క గొంతు గది నిండా ఖంగుమంది. బావ ఒక్క ఉదుటున లేచాడు. "వినపడుతోందిరా! అదేరా, మీ అక్కేరా!" అని నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు, కళ్ళలో నీళ్ళు. కోటాయన అప్పుడే పెన్ను తీశాడు. ఇంక రెండోది వెయ్యక్కర్లేదన్నాను నేను కూడా. బావ ఒప్పుకోడుగా, పద్ధతి పద్ధతే.

రెండోది వేశారు. ఇది నెమ్మది. బావ ముందుకు వంగాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మొహం వాడిపోయింది. ఆయనకి అందట్లేదు. నాకేమో, నేనేం చెప్పనే, అక్క ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది! గొంతు సవరించుకోవడం! పాట అయిపోయాక చివర్న ఎప్పుడూ బరబరా వచ్చేదే, గీతల చప్పుడనుకునేవాళ్ళం, అది చప్పుడు కాదు. అక్క మాట్లాడుతోంది. "ఏమండీ, బయటికి వినిపిస్తోందా?" అంటోంది.

బావ నా వైపు తిరిగి, "ఏది బాగుందిరా?" అన్నాడు. అబద్ధం చెబుదామనే అనుకున్నాను. మొదటిదైతే ఆయనకి వినపడుతుంది కదా, ఉన్న నాలుగు రోజులైనా. కానీ నావల్ల కాలేదు. ఏడుస్తూనే చెప్పేశాను, బావా, చివర్న అక్క ఇలా అడిగింది అని. అప్పుడు బావ, "నేను అద్దం బయట నిలబడి చెయ్యి ఊపుతున్నానురా. పెదవులు కదిపితే ఇంకా పాడుతోందనుకున్నాను. నన్ను అడిగిందన్నమాట" అన్నాడు. అని, కోటాయనతో "ఈ రెండోది ఇవ్వండి" అన్నాడు. నేను షాపులోనే బావ మీద అరిచాను, నీకు వినపడదు కదా బావా, బుద్ధుందా అని. "నాకెలాగూ ఎన్నాళ్ళో వినపడదు. దీని ముల్లు తేలిక, ఇది దాన్ని ఎక్కువకాలం ఉంచుతుంది. మీరు వింటారుగా" అన్నాడు.

రెండేళ్ళు తిరిగేసరికి పూర్తిగా చెవుడొచ్చేసింది. అయినా ఏడాదికోసారి, అక్క పుట్టినరోజున నన్ను పిలిచేవాడు. ముల్లు ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, తనే పెట్టేవాడు. బల్ల మీద అరచెయ్యి ఆనించి గోడ గడియారం వైపు చూస్తూ కూర్చునేవాడు. పాట అయిపోయేది. అక్క అడిగేది. నేను సైగ చేస్తే ఒట్టు, కదిలేవాణ్ణి కూడా కాదు. సరిగ్గా ఆ మాట ఆగిన క్షణానికి, ఇల్లంతా దద్దరిల్లేలా, "వినిపిస్తోందే! వినిపిస్తోంది!" అనేవాడు.

...

ఆ కిటికీ వేసెయ్యమ్మా. ఇంతకీ పొద్దుట్నించీ ఏమన్నా తిన్నావా లేదా నువ్వు?