చోళపురంలో నీలం పాలు

మిల్లు గేటుకెదురుగా మునియసామి టీ కొట్టు బెంచీ మీద కృష్ణసామి రాజా కూర్చుంటే ఆ పొద్దు కథ ఉన్నట్టే. ఆ మిల్లు పెట్టించింది ఆయనే. ఇప్పుడు లోపల ఆయనకు పనేమీ లేదు కనుక ఎదురుగా కూర్చుంటాడు.

"నేను పెద్దగా చేసిందేం లేదప్పా. అణాలు పోయి పైసాలు వచ్చిన ఏడు, పత్తి కొనేదానికి డబ్బు లేక మిల్లు నిలిచిపోయేట్టుంటే, మదురై పోయి కాఫీ ఆరేలోపల అప్పు తెచ్చినాను. బ్యాంకువాళ్ళు నెలలకొద్దీ తిప్పినారు. మదురైలో ఒక పెద్దమనిషి ఒక్క కాగితం మీద సంతకం తీసుకొని ఇచ్చేసినాడు. వడ్డీ ఎంతని అడుగు, మునియసామీ."

"ఎంత సామి?"

"లేనే లేదంటాను! డబ్బు కూడా తిరిగి ఇయ్యక్కర్లేదు, బదులుగా మిల్లు షేర్లు ఇస్తే చాలన్నాడు. ఆయన అడిగిన రోజు మార్కెట్టులో ఏం ధర ఉంటే, దానికి కొంచెం తగ్గించి లెక్క కట్టాల. అంతే. నేను లోలోపల నవ్వుకున్నాను. మనవడు పుడితే వాడి పేర ఒక షేరు రాసే ఊరు ఇది. ఇక్కడ షేరు అమ్మినవాడు రేపు పెళ్ళి పందిట్లో నలుగురి ముఖం చూడగలడా? ఎవరూ అమ్మకపోతే ధర ఎట్లా పడుతుంది? ఆ ధైర్యంతోనే సంతకం పెట్టినాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదటి షేర్లు చేతికి రాగానే ఆయన అమ్మేసినాడు. ఆయనది మన ఊరు కాదు కదా. ధర పడింది. పడితే, మిగిలిన అప్పుకు ఇంకా ఎక్కువ షేర్లు ఇయ్యాల. ఇచ్చినాను. అవీ అమ్మినాడు, ఇంకా పడింది, ఇంకా ఇచ్చినాను. నేను వెనక్కి తగ్గుతానా? శివకాశిలో అచ్చు యంత్రాలన్నీ క్యాలెండర్లు ఆపేసి మన షేర్లే అచ్చేసినాయి. మంసాపురం ఎద్దుబండ్లన్నీ కాగితం తోలినాయి. సంతకాలు ఎవరు పెట్టాల? నేనే. కుడి చెయ్యి పడిపోతే ఎడమ చెయ్యి, అదీ పడిపోతే కాలివేళ్ళ మధ్య పేనా. సిరా చాలక బావిలో పొడి కలిపించినాను. ఆ నీళ్ళు పారి చోళపురంలో ఆవులు నీలం పాలు ఇచ్చినాయి."

"నా కొట్టుకు ఆ పాలు రాలేదే సామి," అన్నాడు మునియసామి టీ వడపోస్తూ.

"నువ్వు కలిపే నీళ్ళకు ఏ రంగు నిలుస్తుందిలే. ఇంకా విను. అమ్మేలోపల పెట్టేదానికి ఆయన ఇంట్లో చోటు లేక షేర్లన్నీ మిద్దె మీద పేర్చినాడు. ఆ కట్ట మన పడమటి కొండకంటే ఎత్తయింది. మేఘాలు దానికే తగులుకొని మదురైలోనే కురిసినాయి. ఆ ఏడు మనకు వాన లేనిది అందుకే. ఇన్ని షేర్లు ఇచ్చిన మొదలాళి, ఇట్లాంటి మిల్లు యజమాని ఈ దేశంలో ఇంకొకడున్నాడా?"

మిల్లులో నూలు వడికే సంగిలి బెంచీ చివర టీ తాగుతూ ఇదంతా విన్నాడు. ఇప్పుడు గ్లాసు పక్కన పెట్టినాడు.

"సామి, మిల్లు కట్టేటప్పుడు మీరు మా వీధికి వచ్చినారు. ఒక షేరు కొనుక్కో, మిల్లులో ఒక ఇటుక నీదవుతుంది అన్నారు. పాలిచ్చే ఆవును అమ్మి కొన్నాను. ఏం జరిగినా అమ్మొద్దన్నారు, అమ్మలేదు. ఆ కొండంత కట్ట పక్కన నాది ఇంకా ఒక్కటే. ఇప్పుడు నా ఇటుక ఎంత ఉంది సామి?"

కృష్ణసామి రాజా గేటు వైపు చూసినాడు. ఆ షేర్లన్నీ చవగ్గా కొనుక్కున్న కొత్త మొదలాళి కారు లోపలికి పోతోంది.

"చిటికెడు మట్టి, సంగిలీ," అన్నాడు. "నాదీ అంతే. ఆ పొద్దు డబ్బు ఊరికే వచ్చిందని మురిసిపోయినాను. మామూలు వడ్డీ అడిగినవాడి దగ్గర తీసుకొని ఉంటే, ఎంత కష్టమైనా కట్టి ఉందుము. ఈ గేటు మనదై ఉండును."

మిల్లు సంగు మోగింది. షిఫ్టు మారే వేళ. పాత అలవాటున కృష్ణసామి రాజా కూడా పంచె సర్దుకొని లేచినాడు.

సంగిలి ఆయన భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కూర్చోబెట్టినాడు.

"నేను కూలికైనా లోపలికి పోతాను సామి. మీరు టీ తాగండి."